యెటమ్ దాకా

జెడ్‌బరో బస్సు ఇంకా మలుపు తిరగకముందే డేవీ టర్న్‌బుల్ బస్టాపు అంచున నిలబడి చెయ్యి చాచాడు. హాయిక్ ఊరి వీధిలో వాన అప్పుడే వెలిసింది. ఇంజను చప్పుడును బట్టి ఏ బండి వస్తోందో అతనికి చూడకుండానే తెలుస్తుంది. ఇవాళ వచ్చేది పాతది. ఎత్తు ఎక్కేటప్పుడు గొంతులో కఫం అడ్డుపడ్డట్టు గురగురలాడుతుంది. అదేనని తెలిసి అతని ముఖం విప్పారింది.

డ్రైవరుకు అరవై నిండినవాళ్ళకిచ్చే ఉచిత కార్డు చూపించి, కోటు జేబులోని కాగితం పొట్లంలోంచి ఒక పుదీనా బిళ్ళ ఇచ్చాడు. ఏ బస్సెక్కినా ఇదే తంతు. కొందరు డ్రైవర్లు అతణ్ణి బిళ్ళల డేవీ అంటారు. కొందరు ఇన్‌స్పెక్టరు గారని ఆట పట్టిస్తారు. ఎవరేమన్నా నవ్వి, తలుపు వెనక ఉన్న ముందు సీటులో కూర్చుంటాడు. అక్కణ్ణుంచి రోడ్డంతా కనిపిస్తుంది.

పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి బల్ల మీదికి వంగి పనిచేయడం వల్ల భుజాలు ముందుకు వాలిపోయాయి. స్వెటర్ల మిల్లులో ఆవిరి ఇస్త్రీ అతని పని. కుర్రతనంలో చేరినవాడు ఇప్పటికీ అదే బల్ల దగ్గరున్నాడు. ఆవిరికి చేతులు ఎర్రగా, నున్నగా, గీతలన్నీ అరిగిపోయినట్టు తయారయ్యాయి. చిన్నప్పుడు మాత్రం బస్సు డ్రైవరునవుతానని వీధి వీధంతా చెప్పుకు తిరిగాడు. పదిహేడో ఏట నడివీధిలో మూర్ఛ వచ్చి పడిపోయాడు. తర్వాత మరో రెండు మూడుసార్లు వచ్చింది. మాత్రలు వేసుకుంటే రాదు. కానీ ఆ మాత్రలు వేసుకునేవాడి చేతికి బస్సునివ్వరు. మానేసి చూస్తానని ఒకసారి అంటే, తల్లి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆమె పోయి చాలా కాలమైంది. అతను మాత్రలు మానలేదు. పెళ్ళి మాట తనూ ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు. వారమంతా మిల్లుది, శనివారం బస్సులది.

డెనమ్ ఊరు దాటాక టీ ఫ్లాస్కు మూత తీశాడు గాని తాగలేదు. మనసులో ఒక మాటను అటూ ఇటూ తిప్పుతున్నాడు. కెల్సో నుంచి యెటమ్ వెళ్ళే చిన్న బస్సు నడిపే ఐలీన్ క్రోజియర్‌కి ఇవాళే ఆఖరి రోజు. ఉత్తరాన సముద్రం అవతల స్టోర్నోవేలో ఆమె అక్క ఉంది. ఆ అక్కకు చూపు బొత్తిగా తగ్గిపోయిందట. ఐలీన్ ఉద్యోగం వదిలేసి అక్కడికే వెళ్ళిపోతోంది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి డేవీ ఇస్త్రీ బల్ల దగ్గర ఆ మాటను కూర్చుకుంటూనే ఉన్నాడు. రాత్రి బాగానే అనిపించింది. ఇప్పుడు జెడ్‌బరోలో బస్సు మారేసరికి సగం వెర్రిగా తోచింది.

కెల్సో కూడలిలో రాళ్ళు పరిచిన నేల మీద ఐలీన్ బస్సు నిలిచి ఉంది. ఆమె భారీ మనిషి. చలికాలమైనా చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచే ఉంటాయి. నెరిసిన జుట్టును ఒకే జడగా వేసుకుంటుంది. భర్త పోయాక స్టీరింగు పట్టింది.

"వచ్చావా ఇన్‌స్పెక్టరూ? ఇవాళ నా మీద ఫిర్యాదులేమున్నాయి?" అంది బిళ్ళ అందుకుంటూ.

"పోయిన వారం వంతెన మలుపులో కాస్త తొందరపడ్డావు."

"ఆరోజు టీ తాగలేదులే."

సంతసంచులతో ఎక్కినవాళ్ళందరూ ఆమెకు వీడ్కోలు చెప్పారు. ఒకాయన ఆమె చేతిలో కేకు పెట్టాడు. వానకు తడిసిన పొలాలు, గొర్రెలు, రాతిగోడలు దాటుకుంటూ, వాటి వెనక నీలంగా కనిపించే చెవియట్ కొండల వైపు బస్సు సాగింది. బస్సు కదిలాక డేవీ ఎవరితోనూ మాట్లాడడు.

యెటమ్ ఊరి పచ్చిక దగ్గర అందరూ దిగిపోయారు. బస్సు తిరిగి బయల్దేరడానికి కాస్త వ్యవధి ఉంది. డేవీ లేవబోతుంటే ఐలీన్ ఇంజను ఆపి, తన సీటు పక్కనున్న అరతలుపు తీసి బయటికొచ్చింది.

"దిగకు. వచ్చి ఇక్కడ కూర్చో."

"ఎక్కడ?"

"నా సీట్లో. బ్రేకు వేసే ఉంది, తాళం నా జేబులో ఉంది. నువ్వేం చేసినా బండి కదలదు."

అతను వద్దన్నాడు. ఎవరైనా చూస్తే బాగుండదన్నాడు. గొర్రెలు తప్ప చూసేవాళ్ళెవరని ఆమె అంది. చివరికి, ఆమె సీటులో వేసుకునే ఆకుపచ్చ ఊలు దిండు మీద కూర్చున్నాడు. స్టీరింగు తను ఊహించినదానికంటే పెద్దది, చల్లగా ఉంది. ఎర్రటి చేతులు రెండూ దాని మీద పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత తలెత్తి, పైనున్న అద్దంలోకి చూశాడు. అందులో వెనక వరసలు సగమే కనిపిస్తున్నాయి. ముందు సీటు మాత్రం, తను ఎప్పుడూ కూర్చునే సీటు, కింద కాళ్ళు పెట్టే చోటుతో సహా నిండుగా కనిపిస్తోంది.

ఐలీన్ ఆ సీటులోనే కూర్చుని ఉంది.

"మలుపు రాగానే నీ కుడికాలు నేలను నొక్కుతుంది," అంది అద్దంలోంచి. "మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత, నువ్వు నొక్కినప్పుడే నేనూ బ్రేకు నొక్కేదాన్ని."

డేవీ చెవులు ఎర్రబడ్డాయి. "ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నావా?"

"అద్దం ఉన్నది ఎందుకయ్యా మరి?"

అతనేదో అనబోయాడు. అంతలో ఎవరో తలుపు అద్దం మీద తట్టారు. గొడుగుతో ఒక ముసలావిడ బయట నిలబడి ఉంది. డేవీ ఐలీన్ వైపు చూశాడు. ఆమె కదల్లేదు. ఏ మీట నొక్కాలో అతనికి ఎన్నో ఏళ్ళుగా తెలుసు. నొక్కాడు. తలుపులు బుస్సుమని తెరుచుకున్నాయి.

"కొత్తవాడివా నాయనా?" అని కార్డు చూపించింది ముసలావిడ.

"అవునమ్మా," అన్నాడు.

"మెల్లగా పోనీ. నా నడుము బాగాలేదు."

"మెల్లగానే పోదాం."

అతని బస్సు ఎక్కిన ప్రయాణికురాలు ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆవిడ సర్దుకుని కూర్చునేదాకా ఆగి, డేవీ లేచి ఐలీన్‌కి చోటిచ్చాడు. ముసలావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

తిరుగు దారిలో డేవీ మొదట సిగ్గుపడి కాళ్ళు సీటు కిందికి ముడుచుకున్నాడు. వంతెన మలుపు దగ్గర ఐలీన్ అద్దంలోకి చూసింది. బస్సు వేగం తగ్గలేదు. అతను గబుక్కున కాలు ముందుకు చాపి నొక్కాడు. అప్పుడు తగ్గింది.

కెల్సోలో ఆమె మేనకోడలు కారుతో ఎదురుచూస్తోంది. తరవాతి షిఫ్టు డ్రైవరు సిగరెట్టు ఆర్పి ముందుకొచ్చాడు. ఐలీన్ సంచి, కేకు తీసుకుని దిగి, డేవీ ఎదుట నిలబడింది.

"స్టోర్నోవేలో కూడా బస్సులున్నాయి డేవీ," అంది.

పొద్దుటినుంచి అతను తిప్పుతున్న మాట కూడా దాదాపు అదే. దాన్ని ఆమే అనేసింది. ఇక అవునని, వస్తానని అంటే చాలు. ఇస్త్రీ బల్ల, మాత్రల సీసా, సముద్రం మీద గంటల తరబడి ఊగే ఓడ అన్నీ ఒక్కసారే అతని కళ్ళ ముందు తిరిగాయి.

"ఉన్నాయి," అన్నాడు. "పొట్టి బళ్ళు. ఇరుకు రోడ్లకు అవే మంచివి."

ఐలీన్ నవ్వి, అతని కోటు పైగుండీ పెట్టి, కారెక్కింది. కారు వంతెన వైపు తిరిగింది. మేనకోడలు మలుపులో బ్రేకు వేసిందో లేదో ఇక్కణ్ణుంచి తెలియలేదు.

డేవీ జెడ్‌బరో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా యెటమ్ బస్సులో కొత్త డ్రైవరు సీటు సరిచేసుకుంటున్నాడు. కూర్చోబోయి ఆగి, సీటు మీద ఉన్నదాన్ని తీసి, ముందు అద్దం దగ్గర పెట్టాడు. అది ఐలీన్ వదిలి వెళ్ళిన, ఆకుపచ్చ ఊలుతో అల్లిన చిన్న దిండు. నడుమ పడ్డ గుంట ఇంకా పూర్తిగా పైకి లేవలేదు.