మూడోసారి అడిగినప్పుడు

మా బావ ఏసోబు ఊరికి దండోరా వేసేవాడు. డప్పు కొట్టి, కబురు చాటి, చివర "విన్నారా?" అనేవాడు. అరుగుల మీద పెద్దలు "విన్నాం" అనేవారు. అలా మూడుసార్లు. విన్నామన్నాక తెలియదనడానికి లేదు. అది మా ఊరి కట్టుబాటు.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం ఎండాకాలం, ఏలూరు నుంచి జిల్లా బోర్డు మెంబరు గారు వస్తున్నారని తెలిసింది. బోర్డు తవ్వించిన నుయ్యి అందరిదీనని రూలు. ఊరవతల మా పల్లెవాళ్లు మాత్రం, అంటరానివాళ్లమని, గిలక ముట్టుకోకూడదు. కొల్లేరు వెనక్కిపోయి, కాలవలో పచ్చటి నీళ్లే మిగిలాయి. అవి తాగి పల్లెలో ఇద్దరు పోయారు. బావ కూతురు విశ్వాసం జబ్బుపడి మూడు రోజులుగా చాప మీదే ఉంది. సభలో నుయ్యి సంగతి ఎవరో ఒకరు అడగాలి. బావ అడుగుతానన్నాడు.

నేను మిషను బడిలో ఐదు చదివాను. రెండు కాగితాల ఉపన్యాసం రాశాను. మానవత్వం, ధర్మం, సమానత్వం, అన్నీ పెట్టాను. బావకి చదువు రాదు. కాలవగట్టు మీద కంఠతా పట్టించాను. ధర్మం దగ్గర ఎప్పుడూ ఆగిపోయేవాడు.

సభనాడు చావడి ముందు కుర్చీలో మెంబరు గారు, పక్కన గుమస్తా. ఎదురుగా తన ఇంటి అరుగు మీద పెద్దరైతు చలపతిరావు గారు, ఊరి పెద్దలు. ఆయన పాలేళ్లు నలుగురు కర్రలతో గోడకి ఆనుకుని ఉన్నారు. మేం దూరంగా, ఎండలో.

బావ లేచి "మహాజనులారా" అన్నాడు. తరవాత మాట రాలేదు.

"డప్పు తేలేదండీ, గొంతు దాన్లో ఉండిపోయింది" అన్నాడో పాలేరు. అరుగంతా నవ్వింది. విశ్వాసం ఎండిన పెదవులే నా కళ్లముందు ఆడాయి.

నవ్వు ఆగేదాకా బావ అలాగే నిలబడ్డాడు. తరవాత తొడ మీద వేళ్లతో రెండు దెబ్బలు వేసి, దండోరా గొంతు ఎత్తాడు.

"నుయ్యి తవ్వడానికి ఇంటికో మనిషి రావాలని నేనే చాటాను. మా పల్లె నుంచి పన్నెండు మంది మట్టి మోశారు. విన్నారా?"

"విన్నాం" అంది అరుగు, అలవాటుకొద్దీ. అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కలరా వచ్చింది, కాలవ నీళ్లు తాగొద్దని నేనే చాటాను. విన్నారా?"

ఈసారి గొంతులు తగ్గాయి.

"ఏ నీళ్లు తాగొద్దో చెప్పారు. ఏ నీళ్లు తాగాలో మాకు చెప్పలేదు. నా కూతురు చాప మీద ఉంది. విన్నారా?"

ఎవరూ పలకలేదు. పాలేరు కర్ర చెయ్యి మార్చాడు. గుమస్తా కలం ఆగింది. నేనైతే ఏదో ఒకటి అనేసి కూర్చునేవాణ్ణి. బావ రెట్టించలేదు, కూర్చోలేదు. జవాబు రాకుండా బావ ఏనాడూ వీధి దాటలేదు. ఆ సంగతి అరుగు మీద అందరికీ తెలుసు.

తలుపు వెనక నుంచి చలపతిరావు గారి తల్లి అచ్చాయమ్మ గారి గొంతు వినిపించింది.

"విన్నాంరా, ఏసోబూ."

చలపతిరావు గారు వెనక్కి తిరిగి చూశారు. తల్లి మాట కాదనలేక, నేల చూస్తూ "విన్నాం" అన్నారు. ఊరు విన్నదని రాసుకోమని మెంబరు గారు గుమస్తాకి చెప్పారు; ఇక మా సంగతి తెలియదనడానికి లేదు.

పొద్దు వాలకముందే కడవలతో చావడి పక్క నూతి దగ్గరికి వెళ్లాం. బావ చేద వదిలాడు. గిలక చప్పుడు ఊరంతా వినిపించినట్టయింది. పాలేళ్లు ఆ గోడ దగ్గరే ఉన్నారు. అడ్డు రాలేదు, వెళ్లిపోనూ లేదు.

"తొణక్కుండా నడువు. వెనక్కి చూడకు" అన్నాడు బావ.

పల్లె ఇంకా రెండు వీధుల అవతల ఉంది.