ఊ కొట్టిన చేయి

జావా దీవిలోని జెపారా వాణిజ్య మండలిలో విదేశీ కొనుగోలుదారులు వచ్చే రోజంటే పెళ్ళివారిల్లే. పొద్దున్నే జెండాలు దులిపి బల్లల మీద పెట్టాలి, టేకు చెక్కడాలు వరసగా పేర్చాలి, చక్కెర దండిగా వేసి మల్లెపూల టీ కాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, చేయి కలపబోయేవాళ్ళని ముందు బాత్రూమ్‌కి పంపాలి. ఆ హాల్లో కలిసిన చేతులు, ఇద్దరి మనసులోనూ ఒకే మాట ఉంటే తప్ప విడిపోవు. ఒకసారి తైవాన్ ఆయనెవరో ధర దగ్గర తేడా వచ్చి సాయంత్రం దాకా అలాగే ఉండిపోతే, వంతులవారీగా నూడుల్స్ తినిపించారు.

ఈ పనులన్నీ రెత్నోవే. పెట్టుబడిదారులకి ఉత్తరాలు రాసి రప్పించేదీ, వాళ్ళొచ్చాక మాటలు అటూ ఇటూ తర్జుమా చేసేదీ ఆమే.

"ఈసారైనా ఒక్కటి కుదుర్చు రెత్నో. రేపు గవర్నర్ గారొచ్చి అడిగితే ఏం చూపిస్తాం, మన మొహాలా?" అన్నాడు అధ్యక్షుడు హెర్మావాన్.

డెన్మార్క్ నుంచి వచ్చిన లార్సెన్ ఊళ్ళో కార్ఖానా పెడతానన్నాడు. బదులుగా చెక్కడం పనివాడు సుకర్డి ఇంటివాళ్ళ నెమలితీగ నమూనా తనకొక్కడికే కావాలన్నాడు. ఇక ఆ తీగని జెపారాలో మరెవరూ సొంతంగా చెక్కి అమ్మకూడదు. సుకర్డి తమ్ముడు పక్క వీధిలో దాన్నే నమ్ముకుని సంసారం ఈదుతున్నాడని రెత్నోకి తెలుసు.

అంతా విని, సుకర్డి తల వంచుకుని, "ఇంగ్గే" అన్నాడు.

జావా భాషలో ఇంగ్గే అంటే అవుననే. కానీ అతిథి ముందు తలొంచుకుని అన్న ఇంగ్గే, మొహం మీద కాదనలేక ఊ కొట్టడం. అక్కడే పుట్టి పెరిగిన రెత్నోకి ఆ తేడా తెలియకపోతుందా? తెలిసే, లార్సెన్ వైపు తిరిగి, "ఒప్పుకున్నారండి" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరూ చేతులు కలిపారు. చేతులు విడిపోలేదు.

ఎవరూ కంగారు పడలేదు. కుర్చీలు వేశారు. సుకర్డి భార్య ముర్నీ పనసకాయ కూరతో అన్నం తెచ్చి మొగుడికి తినిపించింది. లార్సెన్ వైపూ ఒక ముద్ద చాపింది.

"నువ్వూ తిను నాయనా. ఎప్పుడు తిన్నావో ఏమో, మొహం పీక్కుపోయింది."

మాట అర్థం కాకపోయినా అతను బుద్ధిగా నోరు తెరిచాడు.

"ధర దగ్గరే తిరకాసు. ఇంకాస్త పెంచమను," అని గొణిగాడు హెర్మావాన్.

రెత్నోకి తల ఎత్తబుద్ధి కాలేదు. తను చేసింది పాపం, అంతే. ఇక ఉండబట్టలేక లేచి లార్సెన్ ముందు నిలబడింది.

"ఆయన ఒప్పుకోలేదు సార్. ఒప్పుకున్నారని నేనే అబద్ధం చెప్పాను."

తర్వాత సుకర్డి వైపు తిరిగింది. "బాబాయ్, నాకోసం కాదు, నిజం చెప్పండి. ఇష్టమేనా?"

సుకర్డి నేల వంక చూస్తూ అన్నాడు, "మా తమ్ముడేం తింటాడమ్మా?"

ఆ మాట మాత్రం రెత్నో లార్సెన్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది. లార్సెన్ తల ఊపి, "అయితే వద్దు," అన్నాడు. చేతులు వీడాయి. అతను టీ పూర్తిగా తాగి కారెక్కాడు. హెర్మావాన్ ఆమె వంక చూడకుండానే వెంట వెళ్ళాడు.

రెత్నో రెండు చేతులూ చాపింది. "తప్పైపోయింది బాబాయ్. క్షమించండి."

సుకర్డి నవ్వుతూనే ఆ చేతులందుకున్నాడు. తల వంచుకుని, "ఇంగ్గే," అన్నాడు.

కాసేపయ్యాక రెత్నో మెల్లిగా వేళ్ళు లాగి చూసింది. రాలేదు. ఆయన ఇంకా నేల వంకే చూస్తున్నాడు.

ముర్నీ కుర్చీ దగ్గరికి జరిపింది.

"కూర్చో తల్లీ. ఈయన కోపం ఓ పట్టాన చల్లారదు."