రెండు వందల అరవై బిళ్ల

ఆమెను రేవులో అందరూ నీటికోడి అనేవారు. నలభై ఆరేళ్ల మనిషి. ఓడల అడుగున వెల్డింగు పని చేస్తూ ఇరవై ఏళ్లు నీళ్లలోనే గడిపింది. ఆమె సిలిండర్లలో గాలి కలిపేది తమ్ముడు. మూడు వందల మీటర్ల లోతుకు దిగుతానని ఆమె అన్నప్పుడు డాక్టరు వద్దన్నాడు, తోటి డైవర్లు నవ్వారు, ఈ వయసులో నీకెందుకమ్మా అన్నారు. ఆమె మర్నాటి నుంచి పరుగు మొదలుపెట్టింది.

ఏడాది తిరిగేసరికి ఒక నిర్వాహకుడు ముందుకొచ్చి పడవను, మనుషులను, విలేకరులను కుదిర్చాడు. ఆమె దిగకముందే "300" అని చొక్కాలు కూడా అచ్చు వేయించాడు.

తమ్ముడికి మాత్రం గుబులు. ప్రతి పది మీటర్లకూ ఒడ్డున ఉండే గాలి ఒత్తిడి అంత ఒత్తిడి పెరుగుతుందని, మూడు వందల దగ్గర ఒక్క ఊపిరికి ఒడ్డున ముప్పై ఒక్క ఊపిరులకు సరిపోయే గాలి ఖర్చవుతుందని వర్క్‌షాపులో ఆమె వెంటపడి చెప్పేవాడు. అక్కడ మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, ఆక్సిజన్ విషమై మూర్ఛ తెప్పిస్తుంది. అందుకని ఆక్సిజన్‌ను నూటికి ఐదు పాళ్లకు దించి, మిగతాది చాలావరకు హీలియంతో నింపాడు. కానీ హీలియం పీలుస్తూ వేగంగా దిగితే నరాలు వణుకుతాయి. నెమ్మదిగా దిగుదామంటే గాలి చాలదు.

"చేతులు వణికితే తిరిగొచ్చెయ్యక్కా. ఇంకో పదే కదా అనుకోకు," అన్నాడు.

"వణికితే వస్తాను. వాళ్లూ వీళ్లూ నవ్వారని మాత్రం రాను," అంది.

ఆ ఉదయం పడవ నుంచి బరువు కట్టి వదిలిన తాడుకు, రెండు వందల నుంచి పది మీటర్లకొక బిళ్ల తగిలించారు. ఎంత లోతు వెళితే ఆ అంకె బిళ్ల తెచ్చి చూపాలి. అదే సాక్ష్యం.

రెండు వందల ఇరవై దగ్గర ఆమె వేళ్లు సన్నగా అదిరాయి. రెండు వందల నలభై దగ్గర దీపం వెలుగు గంతులు వేసింది. తడిగుడ్డ అడ్డం పెట్టుకుని పీల్చినట్టు ఊపిరి బరువెక్కింది. రెండు వందల అరవై బిళ్లను ఊడదీయబోతే వేళ్లు మాట వినలేదు. మూడోసారికి రెండు చేతులతో పట్టి లాగితే వచ్చింది. దిగువన మరో బిళ్ల మెరుస్తోంది. గాలి ఉంది, పట్టుదలా ఉంది. కానీ పైకి వెళ్లే దారిలో సిలిండర్లు మార్చుకోవలసింది ఈ చేతులతోనే. ఆమె పైకి తిరిగింది.

దిగడానికి పదకొండు నిమిషాలు పట్టింది, ఎక్కడానికి తొమ్మిది గంటలు. ఒంట్లో కరిగిన వాయువు మెల్లగా బయటికి పోవాలి. తొందరపడితే సోడా సీసా మూత తీసినట్టు రక్తంలో బుడగలు లేస్తాయి. ఆమె మజిలీ మజిలీకీ ఆగుతూ తాడు పట్టుకుని వేలాడింది.

చివరి మజిలీ ఆరు మీటర్ల దగ్గర. పడవ అడుగు కనిపిస్తోంది. ఇంకా రెండున్నర గంటలు కదలకూడదు. అంతకుముందు మజిలీలో ఆమె బిళ్ల చూసి వెళ్లిన తమ్ముడు మళ్లీ దిగి వచ్చి, తల వంచుకుని నీళ్లలో రాసుకునే పలక ఒకటి అందించాడు. నిర్వాహకుడి రాత: "మూడు వందల బిళ్ల ఇంకొకటి ఉంది, పంపుతున్నాను. పైకొచ్చి ఇదే చూపించండి." పలకకు బిళ్ల వేలాడుతోంది.

పైకెళ్లి నిలదీద్దామంటే ప్రాణం పోతుంది. ఆమె పెన్సిలు తీసుకుంది. "నా దగ్గర ఉన్నది 260," అని రాసింది. తమ్ముడు ఆ కిందే రాశాడు: "మూడు వందలని విలేకరులకు ఇప్పటికే చెప్పేశాడు." ఆమె పెన్సిలు లాక్కుంది. "చెప్పిన నోటితోనే కాదని చెప్పమను." బిళ్లను తెంపి కిందికి వదిలేసింది. అది గిరికీలు కొడుతూ చీకట్లో కలిసిపోయింది.

పైకి వచ్చాక నిర్వాహకుడు చప్పట్లు కొడుతూ చెయ్యి అందించబోయాడు. ఆమె తమ్ముడి భుజం పట్టుకునే పడవెక్కింది. కుర్చీ వద్దని, కెమెరాల ముందు తన బిళ్ల ఎత్తి చూపింది.

"రెండు వందల అరవై. అక్కడ చేతులు పనిచెయ్యలేదు, తిరిగొచ్చాను."

నిర్వాహకుడు నవ్వు పులుముకుని, మేడమ్ అలసిపోయి అంకె తప్పు చెబుతున్నారన్నాడు.

"నేను మూడు వందలంటే, రేపు ఇంకొకడు నన్ను నమ్మి మూడు వందల పది దిగుతాడు. వాడు రాకపోతే వాళ్లమ్మకు మీరు చెబుతారా?" అంది.

ఆ సాయంత్రమే అతను బ్యానర్లు విప్పించి వెళ్లిపోయాడు. చొక్కాలు రేవులో గచ్చు తుడవడానికి పనికొచ్చాయి.

నెల తర్వాత ఒక కుర్ర డైవరు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ నిర్వాహకుడు ఈసారి అతన్ని దింపుతున్నాడట. వణుకు ఎక్కడ మొదలైందో చెప్పమని మొహమాటంగా అడిగాడు. ఆమె దాచుకోకుండా అంతా చెప్పింది: ఎంత వేగంతో దిగిందీ, ఏ లోతులో ఏ వేలు ముందు అదిరిందీ. అతను రాసుకుని, మీరు మళ్లీ దిగుతారా అన్నాడు.

"ఎందుకు దిగను? ఈసారి నెమ్మదిగా," అంది.

అలాగైతే రెట్టింపు గాలి కావాలని, పైకి రావడానికి పద్నాలుగు గంటలు తాడుకు వేలాడాలని తమ్ముడు విసుక్కున్నాడు.

"వేలాడతాను. నువ్వు గాలి కలుపు," అంది.