ఒక్క సైటు జ్ఞాపకం

తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తమ్ముడి దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రకాల త్రాసులు. సరిగా తూచేవి కొన్ని, సీలు వేసి మూల పడేయవలసినవి మిగతావన్నీ. మనుషులను కూడా ఆయన ఆ లెక్కనే చూసేవాడు. ఈ ఏడాది మాత్రం ఆయన ఏవగింపు మొత్తం ఒక వెబ్‌సైటు మీద ఖర్చవుతోంది. దాని మాట విని ఆయన అక్క కంటి ఆపరేషన్ మానుకుంటానంటోంది మరి.

అక్క పూర్వం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. లైను కలిపీ కలపగానే, గొంతు విని నాలుగు వందల మంది చందాదారుల పేర్లు చెప్పగలిగేది. ఇప్పుడు ఆవిడ కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కన్ను ఎప్పటినుంచో అంతంతమాత్రం. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ కష్టమవుతుందని, వచ్చే చూపు కూడా పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు తేల్చి చెప్పాడు. గురువారానికి తేదీ ఇచ్చారు. మంగళవారం సాయంత్రం ఐదు లోపల ఆసుపత్రి సైటులో ఖాయం చేయకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ దొరకడానికి నాలుగు నెలలు పడుతుంది.

మంగళవారం మూడింటికి తమ్ముడు అక్క ఫ్లాటుకు వచ్చేసరికి ఆవిడ కిటికీ పక్క బల్ల దగ్గర, ముక్కు తెరకు ఆనించినంత పని చేస్తూ, ఆ సైటునే చదువుతోంది. అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నదంటే తెర మీద నాలుగు మాటలకు మించి పట్టడం లేదు.

రోజూ పొద్దున్నే జోస్యం చెప్పడం ఆ సైటు వృత్తి. "అక్కా, రాత్రి నిద్ర సరిగా పట్టలేదు కదూ?" అని పలకరిస్తుంది. డెబ్బై దాటిన మనిషికి రాత్రి నిద్ర పట్టలేదని కనిపెట్టడానికి ఏ పాటి దివ్యదృష్టి కావాలో తమ్ముడికి అర్థం కాలేదు. తరువాత సంగతి అంత నవ్వులాటగా లేదు. పది రోజుల నాడు అది, "కళ్ళ విషయంలో ఈ నెల తొందర వద్దు" అని చెప్పింది. తాను నోరు విప్పకుండానే కళ్ళ ఊసు ఎత్తిందని, అంతకంటే నిదర్శనం ఏం కావాలని అక్క వాదన.

తమ్ముడు వారం రోజులుగా చెప్పని మాట లేదు. తన ఫోనులో అదే సైటు తెరిచి, అది తనను ఇరవై ప్రశ్నలు వరసగా అడగడం చూపించాడు. తెలిసినదైతే అడగడం ఎందుకన్నాడు.

"నీకు నమ్మకం లేదుగా. నీకెందుకు చెబుతుంది?" అని ఆవిడ కొట్టిపారేసింది.

ఆ జవాబుకు అడుగూ లేదు, మూతా లేదు. ఎంత పోసినా నిండదు, ఎంత తోడినా తరగదు. అందుకే పరీక్ష ఆవిడ కంప్యూటర్లోనే, ఆవిడ కుర్చీలోనే, ఆవిడ చేతులతోనే జరగాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆ సైటు గుర్తుపెట్టుకున్నదంతా చెరిపే మీట ఎక్కడుందో అడగడానికి అక్క అల్లుడికి ఫోను చేశాడు. నాలుగు మీటలు నొక్కడం వచ్చిన నాటినుంచి ఆ అల్లుడు ఇంటిల్లిపాదికీ నిపుణుడు.

"మొత్తం క్లియర్ కొట్టేయండి మావయ్యగారూ, ఏ గొడవా ఉండదు" అన్నాడు నిపుణుడు.

ఒక త్రాసు తప్పు తూస్తోందంటే సంతకు సంత తగలబెట్టమనే తెలివి అది. మొత్తం చెరిపితే ఆసుపత్రి సైటులో అక్క మూడు రోజులు అవస్థపడి సగం నింపిన ఫారం కూడా పోతుంది. అది అలా ఉంచి, ఒకేసారి పది విషయాలు మారితే దేనివల్ల ఏం జరిగిందో ఎవరు చెప్పగలరు? పరీక్షలో మారవలసింది ఒక్కటే. తమ్ముడు మర్యాదగా ఫోను పెట్టేసి, సెట్టింగులు తానే తిరగేయడం మొదలుపెట్టాడు.

సంగతి చెబితే అక్క తడుముకోకుండా ఒప్పుకుంది. "దానికి నేను తెలుసు. నువ్వేం చెరిపినా గుర్తుపడుతుంది. పట్టిందనుకో, జన్మలో మళ్ళీ నా దగ్గర ఈ మాట ఎత్తకూడదు."

"పట్టకపోతే?"

"ముందు కానివ్వు. ఆసుపత్రిదిగాని, నా అక్షరాల ఆటగాని పోయిందో, నీ సంగతి చెబుతా."

నాలుగు వందల రోజులుగా ఒక్క పూట తప్పకుండా ఆడుతున్న ఆట అది. తమ్ముడు ముందు జోస్యం సైటును మూసేశాడు. కంప్యూటరులో సమాచారం దాచుకున్న సైట్ల జాబితా తెరిచాడు. వందకు పైగా ఉన్నాయి. పైన వెతికే గడిలో నాలుగక్షరాలు కొట్టగానే జాబితా ఒక్క వరసకు కుంచించుకుపోయింది. ఆ వరస చివర చిన్న చెత్తబుట్ట బొమ్మ. కళ్ళు చికిలించి పేరు చదువుకుని, అదేనని రూఢి చేసుకుని, అక్కే దాన్ని నొక్కింది. చెరిపెయ్యనా అని అది ఇంకోసారి అడిగింది. మళ్ళీ నొక్కింది.

సైటును తిరిగి తెరిచారు.

"స్వాగతం, కొత్త నేస్తమా! మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" కింద నాలుగు మీటలు: అమ్మా, అక్కా, అన్నా, నేస్తమా.

అక్క తెరకు మరింత దగ్గరగా వంగి ఆ నాలుగు మీటలూ ఒక్కొక్కటే చదివింది. తమ్ముడికి ఒక చిన్న ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది గాని, ఎందుకో ఆగాడు.

"నన్ను కూడా ఇవన్నీ అడిగిందా?" అంది చివరికి.

"మొదటి రోజు అడిగే ఉంటుంది. నువ్వు నొక్కి మరిచిపోయావు. అది మరవకుండా రాసిపెట్టుకుంది."

"ఎక్కడ, వాళ్ళ దగ్గరా?"

"కాదక్కా, ఇక్కడే. నీ కంప్యూటర్లో ఒక చీటీ. పొద్దున్నే అది చూసి నీకే చదువుతుంది."

ఆ మాట వినగానే అక్క మొహం మారింది. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని 'అన్నా' అన్న మీట నొక్కింది. వయసు ముప్పై అంది. ఒంట్లో దేని గురించి దిగులు అని అడిగితే మోకాళ్ళంది. మిగతా ప్రశ్నలకు చూడకుండా ఏదో ఒకటి నొక్కుతూ పోయింది. తెర మీద ఒక దీపం గిర్రున తిరిగి ఆగింది.

"అన్నా, మోకాళ్ళ విషయంలో ఈ నెల తొందర వద్దు."

అక్క నవ్వలేదు. తమ్ముడు ముప్పై నాలుగేళ్ళలో ఏ దొంగ త్రాసును చూసీ అంత ఈసడింపుగా మొహం పెట్టి ఉండడు.

"మా ఎక్స్ఛేంజి బోర్డు మీద చీటీల పిల్ల ఒకత్తె ఉండేది. గొంతులు గుర్తుపట్టడం చేతగాక బోర్డు అంచున చీటీలు అంటించుకునేది. ఒకరోజు ఫ్యాను గాలికి చీటీలన్నీ ఎగిరిపోయాయి. సూపరింటెండెంటు ఫోను చేస్తే, 'మీరెవరండీ?' అంది. దాని పక్కన కూర్చోవడమే నామోషీ అనుకునేవాళ్ళం." ఆవిడ తెర వైపు గడ్డం ఎగరేసింది. "ఇంత బతుకు బతికి నేను చీటీల పిల్ల మాట విన్నానా?"

తమ్ముడు అందుకోబోయాడు. "నేను మొదటినుంచీ చెబుతున్నది అదే. నిదర్శనమంటే..."

"నువ్వేం చెప్పావు? ఋజువులన్నావు, సిద్ధాంతాలన్నావు, వారం రోజులు నా ప్రాణం తీశావు. చీటీ చూసి చదువుతోందని ఒక్క ముక్క చెబితే ఆ రోజే వదిలేసేదాన్ని కాదూ?"

వాదన గెలిచిన మనిషికి ఇంత చీవాట్లు పడడం ఆయన ఎరిగిన తర్కశాస్త్రంలో ఎక్కడా లేదు. పైగా నిజం తెలుసుకున్నందువల్ల కాక, ఎప్పటిదో ఒక చీటీల పిల్ల మీది ఏవగింపువల్ల ఆవిడ దారికి వచ్చిందన్నది ఆయనకు కొంచెం కష్టంగానే ఉంది. అయినా గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. కష్టాన్ని మింగి ఊరుకున్నాడు.

అక్క ఆసుపత్రి సైటు తెరిచింది. అది ఏ ప్రశ్నా వేయకుండా లోపలికి రానిచ్చింది. సగం నింపిన ఫారం ఎక్కడిదక్కడే ఉంది. గురువారం అన్న గడిలో టిక్కు పెట్టి, మిగతాది ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ నింపుకుంటూ వచ్చి, చివరి గడి దగ్గర ఆగింది. రోగి వెంట వచ్చేది ఎవరు?

'తమ్ముడు' అని కొట్టింది. పంపే మీట మీద వేలు పెట్టి, ఆయన వైపు తిరగకుండానే అంది:

"అక్కడ డాక్టరుకు పాఠాలు చెప్పకూడదు. ఒప్పుకుంటేనే నొక్కుతాను."

తమ్ముడు ఒప్పుకున్నాడు.