రెండు లైన్లూ ఎరుపే

బాబాయి 'నిచ్చెన' కుడిచేతిని బల్ల సొరుగులో పెట్టి, మోకాలితో సొరుగును లోపలికి తోశాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. నిచ్చెన ముందు ఊపిరి పీల్చుకున్నాడు, తర్వాత అరిచాడు.

నిచ్చెన అంటే మా రెండో ఇంటర్నెట్ లైను చూసే మనిషి. భుజాన నిచ్చెన లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. బాబాయిది అంబులెన్సుల ఆఫీసు. ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీదే నడుస్తాయి. అందుకే రెండు కంపెనీల లైన్లు తీసుకున్నాం. ఒకటి పోతే ఫైర్‌వాల్ పెట్టె కాల్స్‌ను ఇంకోదానికి మళ్ళిస్తుంది. ఆ పెట్టె బిగించింది నేను.

పొద్దున తొమ్మిదింటికి తెరమీద రెండు లైన్లూ ఒకేసారి ఎర్రబడ్డాయి. పదకొండు నిమిషాలు ఒక్క ఫోనూ మోగలేదు. బాయిలర్ పేలి కాలిపోయిన ఒక కూలీ కోసం అతని అన్న అంతసేపూ మాకు ఫోను చేస్తూనే ఉన్నాడట. తమ్ముడు పోయాక వచ్చి బాబాయి పళ్ళు రెండు రాలగొట్టాడు. ఎవరో తీగలు తెంపారని బాబాయి చెబితే, తెంపినవాణ్ణి మధ్యాహ్నానికి చూపించకపోతే ఆఫీసు తగలబెడతానన్నాడు.

"లారీ తగిలి నా తీగ తెగింది సార్. అతికించాను. ఆ మాట చెబుదామనే వచ్చాను," అన్నాడు నిచ్చెన.

"నీది లారీ తెంపింది. పక్కవీధిలో మొదటి లైను వాళ్ళది ఏ విమానం తెంపిందిరా?" బాబాయి నోట్లోంచి రక్తం తుంపర్లు పడ్డాయి. "రెండింటికీ ఒకే నిమిషంలో ముహూర్తం కుదిరిందా?"

"వాళ్ళది నేను ముట్టుకోలేదు సార్. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మని తర్వాత చూస్తా. ఎడమచెయ్యి పెట్టు."

నేను తెరవైపు తిరిగి సెట్టింగులు తెరిచాను. ఫైర్‌వాల్ ప్రతి లైను గుండా సెకనుకోసారి బయటి అడ్రసు ఒకదాన్ని పలకరిస్తుంది. జవాబొస్తే లైను బతికున్నట్టు. ఒక్కో లైనుకి ఒక్కో అడ్రసు ఇవ్వాలి. పెట్టె బిగించిననాడు నేను రెండు గళ్ళలోనూ ఒకటే కొట్టాను. నాకు నోటికొచ్చింది అదొక్కటే. దాంతో పెట్టె రెండు పలకరింపులనూ రెండో లైనులోంచే పంపుతోంది. అది తెగగానే రెండూ చచ్చాయనుకుని కాల్స్ ఆపేసింది. మొదటి లైను నిక్షేపంగా ఉంది. దాన్ని ఎవరూ అడగనే లేదు.

ఇప్పుడు మార్చేస్తే ఎవరికీ తెలియదు. మౌసు మీద వేలు పెట్టాను. వెనక సొరుగు మళ్ళీ మూసుకుంది.

"బాబాయ్, తప్పు నాది."

"జాలిమొహం పెట్టకు. నీ పని చూసుకో."

రెండో లైను తీగ పీకేశాను. తెరమీద రెండూ ఎర్రబడ్డాయి. తీగ చేతిలో ఉండగానే, మొదటి లైనుకి వేరే అడ్రసు కొట్టాను. కాసేపటికి అది పచ్చబడింది.

బాబాయి తెరను చూశాడు, నన్ను చూశాడు. కీబోర్డు లాక్కుని దాంతోనే నా మొహం మీద కొట్టాడు. మీటలు నేలంతా చిందాయి.

"నోరు మూసుకుని ఆ తీగ పెట్టు. వీడి పేరు ఆ కూలీ అన్నకి చెప్పేశాను. వచ్చేస్తున్నాడు."

తలుపు తన్ని ఆ అన్న లోపలికొచ్చాడు. చేతిలో ఇనుపకడ్డీ ఉంది. బాబాయి నిచ్చెనని చూపించాడు. అతను కడ్డీతో కొట్టాడు. నిచ్చెన కూలబడ్డాడు. రెండోసారి లేచిన కడ్డీకి నేను అడ్డం వెళ్ళాను.

"ఇతను కాదన్నా. పెట్టెలో తప్పు చేసింది నేను. మీ ఫోను నా వల్లే రాలేదు."

అతను నా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. "మళ్ళీ చెప్పు."

చెప్పాను. మళ్ళీ కొట్టాడు. మూడోసారి నోట్లో రక్తానికి మాట సరిగా రాలేదు. అయినా చెప్పాను.

అతను కడ్డీ ఎత్తాడు. నిచ్చెన నేలమీద దొర్లుకుంటూ వచ్చి అతని పిక్కలో పళ్ళు దింపాడు. అతను వెల్లకిలా పడ్డాడు. కడ్డీ బల్లకిందికి దొర్లింది. దానికోసం అతను చెయ్యి చాచలేదు.

"తమ్ముడు దాహమన్నాడు," అన్నాడు పైకప్పు చూస్తూ. "ఇదిగో కలుస్తుంది, ఇదిగో కలుస్తుంది అనుకుంటూ ఫోను వదిలి నీళ్ళు తేవడానికి లేవలేదు నేను."

బాబాయి అప్పటికే మెట్లు దిగిపోయాడు. నిచ్చెన రెండు చేతులూ పట్టుకోవడానికి వీల్లేకుండా ఉన్నాయి. నడుం పట్టుకుని లేపాను.