రాజీకి మిగిలిన మనిషి

ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. ఆంబోతులు కలిసిపోయినా విరుగుతాయని ఓబమ్మకు ఎవరూ చెప్పలేదు.

పులివెందుల దగ్గర ముప్పయ్యేళ్లు నరుక్కున్న రెండు వర్గాల పెద్దలు ఎన్నికల ముందు ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. ఇరువైపులా సాక్షులు అడ్డం తిరగాలని, కేసులన్నీ కొట్టేయించుకోవాలని మాటయింది. లాల్ బాషా హత్య కేసు ఒక్కటే మిగిలింది. పట్టపగలు బస్టాండులో నరికారు మరి, ఎవడో ఒకడు లోపల ఉండకపోతే జనం ముందు బాగుండదట. ఆ ఒక్కడూ ఓబమ్మ మొగుడు మునెయ్య.

అవతలి వర్గానికి చెందిన లాల్ బాషాను నరికింది మునెయ్య వర్గం పెద్దాయన కొడుకు. కొడవలి చేతికిచ్చి స్టేషనుకు పంపింది మాత్రం గొర్రెలు కాసుకునే మునెయ్యను. మూడు నెలల్లో విడిపిస్తానని, బావి కింద రెండెకరాలు రాసిస్తానని పెద్దాయన మాటిచ్చాడు. "పో, మూణ్ణెల్లే కదా! ఎన్నాళ్లని ఊరోళ్ల చేలల్లో మంద ఆపుకుంటా తిరుగుదాం?" అని సాగనంపింది ఓబమ్మే. మూడేళ్లయింది. ఆ మాట గుర్తొస్తే ఆమెకు నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

సాక్ష్యానికి ముందురోజు ఆమె తొండూరు పోయింది. లాల్ బాషా తల్లి మస్తానమ్మ వసారాలో కూర్చుని కూలికి చెనిక్కాయలు వలుస్తోంది. ఆరోజు బస్టాండులో కొడుకు పక్కనే ఉన్న మనిషి ఆమె.

"అత్తా, నీ కండ్లారా చూసినావు. మా ఇంటాయన కాదని ఒక్కమాట చెప్పు. నీ కాళ్లు మొక్కుతా."

"నాకు తెలీదంటావా మ్మే? నా బిడ్డను నరికినోని మొగం మర్చిపోతానా? మీ పెద్దాయన కొడుకే." మస్తానమ్మ చేతులు ఆగలేదు. "నా చిన్నోడు జమాలు ఇప్పుడు ఎర్రగుంట్లలో వాళ్ల సిమెంటు లారీ తోల్తాండాడు. పిలిచి పనిచ్చి దగ్గర పెట్టుకున్యారు. నేను నోరు తెరిస్తే వాణ్ణి ఆ లారీ కిందికే తోస్తారు. ఒకణ్ణి పూడ్చుకున్యా. ఇంగోణ్ణి గూడా పూడ్చుకోమంటావా?"

తిట్టాలనో ఏడవాలనో అనిపించినా ఓబమ్మకు రెండూ చేతకాలేదు. చాట ముందుకు లాక్కుని ఆమె కూడా కాసేపు కాయలు వలిచింది. తర్వాత లేచి బస్సెక్కింది.

మర్నాడు ప్రొద్దుటూరు కోర్టులో వకీలు అడిగాడు. "నీ కొడుకును చంపింది ఎవరు?"

మస్తానమ్మ నోరు తెరిచింది. బోనులో చిక్కిపోయి నిలబడిన మునెయ్యను చూసింది. కళ్లనీళ్లు కారాయి. నిజం గొంతుదాకా వచ్చేసిందని ఓబమ్మకు అర్థమైంది. ఒక్క క్షణం ఆమె ప్రాణం లేచొచ్చింది. చెప్పు తల్లీ, చెప్పు అనుకుంది.

అంతలో వెనక బెంచీ మీద ఓబమ్మకు జమాలు కనిపించాడు. అటొకడు, ఇటొకడు పెద్దాయన మనుషులు. పట్టుమని పాతికేళ్లు లేవు వాడికి. ఏం జరగబోతోందో తెలియక తల్లి వైపే చూస్తున్నాడు.

మస్తానమ్మ చూపు ఓబమ్మను వెతికింది. అది అడగడమో, క్షమించమనడమో. ఓబమ్మ పమిట నోట్లో కుక్కుకుని, మొగుడి పేరే చెప్పమన్నట్టు తలూపింది.

మస్తానమ్మ వేలెత్తి మునెయ్యను చూపింది.

బోనులోంచి మునెయ్య చూస్తున్నది మస్తానమ్మను కాదు. పెళ్లాం తలూపడం చూశాడు. ఎందుకూపిందో ఆయనకు తెలియదు.