మూడు కాయల అంచు

ధర్మవరంలో పట్టుచీర మగ్గం మీదికి రాకముందే దాని బొమ్మ కాగితం మీద తయారవుతుంది. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ గీసే ఆ బొమ్మను గ్రాఫు అంటారు. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల ప్రకారం మగ్గం నేస్తుంది. నాగలక్ష్మి ఇరవై ఐదేళ్లుగా గ్రాఫులు గీస్తోంది. చీర కట్టుకునేవాళ్లకు నేసినవాడి పేరే తెలియదు, ఇక గీసిన మనిషి ఎవరికి గుర్తు? అందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు.

ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు తండ్రి పోయాడు. తండ్రితో కలిసి ఒకే కొట్టంలో మగ్గం వేసుకున్న శ్రీరంగప్ప ఆ పిల్లను తన పక్కన కూర్చోబెట్టుకుని చేతికి పెన్సిలిచ్చాడు. ఆయన కొడుకు దేవేంద్రకు గీత అబ్బలేదు. నేత మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. అప్పట్నుంచీ గీసేది నాగలక్ష్మి, నేసేది దేవేంద్ర. ఆయనను పెద్దనాయనా అని, ఇతన్ని అన్నా అని పిలుస్తూ ఆ ఇంట్లోనే పెరిగినట్టు పెరిగింది.

వేరుశనగ మొక్క బొమ్మ ఆమెకు బెళుగుప్పలో దొరికింది. అమ్మ పుట్టినూరు అది. వాన పడని ఒక ఏడాది అమ్మతో కలిసి చేనుకు పోయింది. అమ్మ ఒక మొక్కను పెరికి మన్ను దులిపితే వేళ్లకు మూడంటే మూడు కాయలు వేలాడాయి. అమ్మ ఏమీ అనకుండా మొక్కను గట్టు మీద పడుకోబెట్టి ఇంకోదానికి వంగింది. ఇంటికొచ్చాక నాగలక్ష్మి ఆ మొక్కనే గీసింది. పైన నాలుగు ఆకులు, ఒక పసుపుపచ్చని పువ్వు, కింద దారాల్లాంటి వేళ్లు, మూడు కాయలు. దేవేంద్ర దాన్ని చీర అంచుగా నేశాడు. “పెండ్లికి చెనిక్కాయలు కట్టుకుంటారా ఎవరన్నా?” అని అంగళ్లవాళ్లు నవ్వారు. చీర ఎనిమిదేళ్లు ఒక అంగడి బీరువాలో మడతల్లోనే ఉండిపోయింది.

ఆ చీరను చంద్రిక కొన్నది. ఆమె బెంగళూరులో డిజైనరు. విదేశాల్లో ఖరీదైన తోలుసామాన్లు చేసే ఒక పెద్ద కంపెనీ మన దేశపు నేతతో కలిసి కొత్త సరుకు తేవాలనుకుంటే, ఆ పని ఆమె చేతికొచ్చింది. ప్రయాణాల పెట్టెలు, చేతిసంచులు, మెడకు చుట్టుకునే పట్టుగుడ్డలు, అన్నిటి మీదా వేరుశనగ మొక్కే. పెట్టెలు ప్రపంచం మొత్తానికీ వందే చేస్తారట. నేసినవాడిని వెతుక్కుంటూ చంద్రిక దేవేంద్ర దగ్గరికొచ్చింది.

“మన బొమ్మ దేశాలు దాటి పోతాండాది లక్ష్మీ!” అంటూ దేవేంద్ర పరిగెత్తుకొచ్చి చెప్పాడు. “పెట్టె మీద పేర్లు గూడా వేస్తారంట. నీదీ నాదీ, ఇద్దరివీ.”

“నేనొకసారి ఆయమ్మతో మాట్లాడాల కదన్నా?”

“ఆయమ్మకు తెలుగు రాదు. అంతా ఇంగ్లీషే. నేను ఎట్లో తిప్పలు పడతాండా, నువ్వు గీత చూసుకో.”

పేరు గురించి ఎన్నడూ ఆలోచించని మనిషి ఆ రోజు కాగితం అంచున తన పేరును నాలుగైదు రకాలుగా రాసి చూసుకుంది. మళ్లీ సిగ్గేసి చెరిపేసింది.

ఏడు నెలలు గీసింది. చీర అంచుకు సరిపోయిన మొక్క పెట్టె లోపలి గుడ్డకు సరిపోదు. సంచి మూతకు ఇంకో కొలత. ప్రతిదానికీ మళ్లీ మొదట్నుంచీ గడులు లెక్కపెట్టుకోవాలి. ఆ ఏడు నెలల్లో కళ్లద్దాల నంబరు పెరిగింది. కంపెనీవాళ్లు కెమెరాలతో వచ్చిన రోజున మాత్రం ఆమె ఊళ్లో లేదు. అట్టలు కొట్టేవాడికి గ్రాఫు అర్థం కాలేదంటూ దేవేంద్ర ఆమెను హిందూపురం పంపాడు. అక్కడివాడు “నాకేం అనుమానం లేదే అక్కా” అన్నాడు. ఆమె తిరిగి బస్సెక్కి వచ్చేసింది, దాని గురించి మళ్లీ తలుచుకోలేదు.

బెంగళూరులో పెద్ద హోటల్లో సరుకు విడుదలైంది. ఒక్క పాసే ఇచ్చారని దేవేంద్ర ఒక్కడే పోయాడు. మర్నాడు పొద్దున నాగలక్ష్మి కూతురు అశ్విని ఫోను పట్టుకొని వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, ఇది చూడు. పూర్తిగా చూడు.”

మూడు నిమిషాల వీడియో. మొదట ఎండిన చేను. తర్వాత మగ్గం మీద దేవేంద్ర చేతులు. ఆ తర్వాత తెల్లపంచె, తలకు కొత్త రుమాలు చుట్టుకుని శ్రీరంగప్ప. ఆయన కెమెరా వైపు చూసి నిదానంగా చెబుతున్నాడు: “ఈ బొమ్మ మా నాయన గీసినాడు. సుద్దముక్కతో నేల మీద గీసినాడు. ఈ మూడు కాయలంటే మా నాయన, నేను, నా కొడుకు.”

నాగలక్ష్మి స్టవ్ ఆర్పింది. వీడియో మళ్లీ పెట్టమంది. రెండోసారీ చివరిదాకా చూసింది. దేవేంద్ర అబద్ధమాడి ఉంటే కోపమొచ్చేది. ఆ మాటలు అంటున్నది పెన్సిలు పట్టించిన మనిషి.

చెప్పులేసుకుని నేరుగా ఆ ఇంటికి పోయింది. దేవేంద్ర ఇంకా రాలేదు. శ్రీరంగప్ప అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటున్నాడు.

“పెద్దనాయనా, మీ నాయన చెనిక్కాయ చెట్టు గీసింది నువ్వెప్పుడు చూసినావు?”

ఆయన అడకత్తెర ఆగింది. “కూచో మే.”

“కూచోను. చెప్పు.”

“లైట్లు పెట్టి, కెమెరాలు పెట్టి అడిగినారు. వాడు చెప్పమన్నట్ల చెప్పినా. వాళ్లకు వంశం గావాలంట. తాత, తండ్రి, కొడుకు, అట్ల ఉంటేనే ఆ దేశాల్లో విలువంట.”

“నేను గీసినానని ఒక మాట చెప్పేకి నీకు నోరు రాలేదా?”

“నువ్వు మా ఇంటి మనిషివే లక్ష్మీ. కానీ...”

“కానీ?”

ముసలాయన వక్కముక్కలను గుప్పిట్లోకి ఎత్తుకున్నాడు. “కానీ వాడు నా కొడుకు మే.”

సాయంత్రానికి దేవేంద్ర వచ్చాడు. భుజాన శాలువా, చేతిలో మిఠాయి డబ్బా. తమ వాకిట్లో ఆమెను చూడగానే సంగతి బయటపడిందని తెలిసి మొహం మార్చుకున్నాడు.

“దొంగను చూసినట్ల చూస్తాండావేం లక్ష్మీ? నేసింది నేను కాదా?”

“నేసింది నువ్వే. నేనేపొద్దూ కాదన్లేదు.”

“మరి? ఈసారికి పోనీ. ఇంకోసారి నీ పేరు చెప్తాంలే.”

“ఇంకోసారికి ఏం మిగిలిండాదన్నా? మా అమ్మ చేతిలో చెట్టును తీసకపోయి మీ తాత చేతిలో పెట్టినావు.”

అశ్విని ఊరుకోలేదు. వీడియో కింద ఉన్న పేరును పట్టుకుని చంద్రిక నంబరు సంపాదించింది. ఫోను చేస్తే అవతలి గొంతు శుభ్రంగా తెలుగులో పలికింది. ఆమెదీ ఈ జిల్లాయేనట. తెలుగు రాదన్న మాట కూడా అబద్ధమేనని అప్పుడు నాగలక్ష్మికి అర్థమైంది. కెమెరాలు వచ్చిన రోజున తనను హిందూపురం ఎందుకు పంపాడో కూడా.

వారం తిరక్కుండా చంద్రిక వచ్చింది. శ్రీరంగప్ప ఇంట్లో చాప మీద నాగలక్ష్మి తన పాత గ్రాఫు పరిచింది. మొదటిసారి గీసిన కాగితం. అంచులు పచ్చబడ్డాయి. వెనకాల పెన్సిలుతో ‘అమ్మ, బెళుగుప్ప చేను’ అని, కింద తేదీ. చంద్రిక దాన్ని తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పింది.

“దేవేంద్ర గారూ, ఇదేంటండీ?”

దేవేంద్ర ఆలోచించుకోడానికి కూడా ఆగలేదు. “ఆమె మా దగ్గర గ్రాఫులు గీసే మనిషి మేడం. మా తాత బొమ్మ చూసి ఎత్తి గీసింది. అంతే.”

చంద్రిక ముసలాయన వైపు తిరిగింది. “మీరు చెప్పండి. ఇది మీ నాన్నగారు గీసిందేనా?”

దేవేంద్ర భార్య ఓబమ్మ తలుపు దగ్గర మజ్జిగ గ్లాసులతో అట్లే నిలబడిపోయింది. నాగలక్ష్మి ఆయన కళ్లలోకి చూసింది. ఆ ఒక్క నిమిషం ఆమెకు ఇంకా ఆశ ఉంది. కెమెరా ముందు సరే, ఇప్పుడు తను ఎదురుగా ఉంది కదా అనుకుంది.

“అవునమ్మా,” అన్నాడు శ్రీరంగప్ప. “మా నాయనదే.”

నాగలక్ష్మి కాగితం మడిచి లేచింది. మజ్జిగ తాగి పొమ్మని ఓబమ్మ అనబోయి, అనలేకపోయింది.

వీధి మలుపు దాకా చంద్రిక ఆమె వెంట నడిచింది. “నేను మిమ్మల్నే నమ్ముతున్నానండీ. వెనకాల రాసిన మాట, ఆ తేదీ చూశాక నమ్మకుండా ఎలా ఉంటాను? కానీ ఒప్పందం మీద వాళ్లిద్దరి సంతకాలున్నాయి. బొమ్మ ఆ కుటుంబానిదని రాసిచ్చారు. పదేళ్ల దాకా కంపెనీ తప్ప దాన్ని ఇంకెవరూ గీయకూడదు, నేయకూడదు.”

“ఎవరూ అంటే?”

చంద్రిక తలదించుకుంది. “మీరు కూడానండీ.”

నాగలక్ష్మికి మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

చంద్రిక పైవాళ్లకు ఉత్తరం రాసింది. మూడు వారాలకు జవాబొచ్చింది. పెట్టెలతోపాటు ఇచ్చే పుస్తకం అచ్చయిపోయిందట, కథ మార్చడం కుదరదట. కావాలంటే రెండోసారి అచ్చువేసేటప్పుడు ‘సహాయం: నాగలక్ష్మి’ అని చివరి పుటలో వేస్తారట. ఆమె వద్దని చెప్పింది. వకీలును పెట్టి కొట్లాడదామని అశ్విని పట్టుబట్టింది. “ఆడ కూడా నిలబడి చెప్పాల్సింది పెద్దనాయనే కదా,” అంది నాగలక్ష్మి. “ఆయన నోట మూడోసారి వినలేనమ్మా.”

దేవేంద్ర మగ్గానికి గీయడం మానేసింది. నాలుగు వీధుల అవతల చిన్నప్ప అనే నేతగాడు గ్రాఫులు అడిగితే అతనికి ఒప్పుకుంది. నెమళ్లు, మామిడిపిందెలు, గోపురాలు, అంగళ్లలో అమ్ముడయ్యేవే గీసింది. ఆరునెలలకు కంపెనీ ఇంకో కొత్త బొమ్మ కావాలని దేవేంద్రను అడిగింది. అతను ఓబమ్మను నాగలక్ష్మి దగ్గరికి పంపాడు. ఓబమ్మ వాకిట్లో నిలబడి ఏడ్చింది. నాగలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి పిలిచి అన్నం పెట్టింది. బొమ్మ మాత్రం గీయనంది. దేవేంద్ర ఎవరో కంప్యూటరు వాడిచేత ఏదో చేయించి పంపితే, కంపెనీకి నచ్చలేదని ఆమె చెవిన పడింది.

ఒకరోజు మధ్యాహ్నం శ్రీరంగప్ప తనే వచ్చాడు. ఎండలో అంతదూరం నడిచొచ్చిన మనిషి ఆయాసపడుతూ ఆమె గడప దగ్గర ఆగాడు. నాగలక్ష్మి కుర్చీ వేసింది. చెంబుతో నీళ్లిచ్చింది. కాఫీ పెట్టింది. వానల గురించి, మోకాలి నొప్పి గురించి ఆయన మాట్లాడాడు. ఆమె ఊఁ కొట్టింది. కాఫీ తాగాక ఆయన కళ్లు బల్ల మీద సగం గీసిన గ్రాఫు మీద పడ్డాయి. ఆమె చిన్నప్పుడు ప్రతి సాయంత్రం అడిగినట్టే అడిగాడు.

“ఏం గీస్తాండావు మే? ఏదీ, చూపీ.”

నాగలక్ష్మి కాగితాన్ని బోర్లా తిప్పి, పైన స్కేలు పెట్టింది.

“ఏం లేదు పెద్దనాయనా,” అంది. “ఎండ తగ్గినాక పోదువులే. కాసేపు కూచో.”